గమకం పలికే మిడి కంట్రోలర్: సెన్సర్ కంటే ముందు చెయ్యి సంగతి చూడాలి

తమ్ముడూ, నీ ప్రశ్న ఇదీ కదా. విజయనగరంలో ఈసీఈ చదువుతూ వయొలిన్ నేర్చుకుంటున్నావు. ఆర్డుయినో ఊనో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు ఒకటి, శబ్దంతో దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్లు నాలుగు కొన్నావు. వాటి ఎదుట చేతులు ఆడిస్తే మిడి (వాద్యాలూ కంప్యూటర్లూ స్వరాల సందేశాలు పంపుకునే పద్ధతి) ద్వారా లాప్‌టాప్‌లోని సింథసైజర్ (ధ్వని పుట్టించే ప్రోగ్రామ్) పలికేలా చేశావు. పలుకుతోంది గానీ స్వరం మెట్లు మెట్లుగా దూకుతోంది, చెయ్యి కదిపాక కాస్త ఆగి గానీ వినపడటం లేదు, గమకం అసలు రావడం లేదు. ఇంతకంటే ఖరీదైన సెన్సర్ కొనాలా, బోర్డు మార్చాలా, చివరికి దీన్ని మీ మావయ్య ఆర్కెస్ట్రా కీబోర్డుకి తగిలించవచ్చా అని అడిగావు.

నేను శ్రీకాకుళంలో కీబోర్డులు, యాంప్లిఫయర్లు బాగుచేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఇలాంటి కంట్రోలర్లు నాకోసమూ కట్టుకున్నాను, వాయించేవాళ్లు అడిగితే వాళ్లకూ కట్టి ఇచ్చాను. సెన్సర్ ధర పెంచినంత మాత్రాన నీ ఇబ్బంది తీరదు. గమకం కావాలంటే వేలు దేనికో ఒకదానికి ఆనాలి. స్వరస్థానం ఒక చేతిది, బలం రెండో చేతిది కావాలి. ఈ రెండూ కుదిరితే మామూలు సెన్సర్లతోనే చక్కగా పలుకుతుంది.

ముందు నీ దగ్గరున్నది ఎందుకు పలకడం లేదో చూద్దాం. ఆ సెన్సర్ 40 కిలోహెర్ట్జ్ శబ్దం వదిలి, అది చేతికి తగిలి వెనక్కి వచ్చేదాకా ఆగుతుంది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి, అర మీటరు దూరంలో చెయ్యి ఉంటే రానూపోనూ 3 మిల్లీసెకన్లు కూడా పట్టదు. ఆలస్యం అక్కడ లేదు. వదిలిన శబ్దం గోడలకీ బల్లకీ తగిలి తిరుగుతూ ఉంటుంది. అది అణిగేదాకా ఆగి మళ్లీ కొలవాలి, అందుకే రెండు కొలతల మధ్య 60 మిల్లీసెకన్లు ఉంచమంటారు. అంటే సెకనుకు పదహారు కొలతలు. పైగా నాలుగింటినీ ఒకేసారి మోగిస్తే ఒకదాని ప్రతిధ్వని ఇంకొకటి వింటుంది కాబట్టి వంతులవారీగా మోగించాలి. అప్పుడు ఒక్కో సెన్సర్‌కి సెకనుకు నాలుగు కొలతలే దక్కుతాయి. అరచెయ్యి కాస్త వాలినా ప్రతిధ్వని పక్కకి పోతుంది, సెన్సర్ దానికోసం సుమారు 38 మిల్లీసెకన్లు ఎదురుచూసి వదిలేస్తుంది. ఆ ఎదురుచూపులో నీ ప్రోగ్రామ్ కూడా ఆగిపోతుంది.

ఇప్పుడు కంపితం, అంటే స్వరాన్ని ఊపే గమకం, సంగతి ఆలోచించు. సెకనుకు ఐదు ఊపులు అనుకున్నా, ఒక్కో ఊపులో స్వరం పైకెళ్లి కిందికి దిగాలి. సెకనుకు నాలుగు కొలతలతో ఐదు ఊపులు పట్టుకోవడం కుదరని పని. లేజర్‌తో దూరం కొలిచే వీఎల్53ఎల్0ఎక్స్ వేసినా మామూలు సెట్టింగులో ఒక్కో కొలతకు 33 మిల్లీసెకన్లు పడుతుంది. కొంచెం నయం, అంతే. ఫిల్టర్ (ధ్వని రంగు మార్చేది) మెల్లగా తిప్పడానికో, ఒక స్వరాన్ని నెమ్మదిగా పెంచడానికో గాల్లో చెయ్యి ఆడించే ఈ సెన్సర్లు బాగుంటాయి. నాలుగింటిలో ఒకటి ఆ పనికి ఉంచుకో.

ఇంకో చిక్కు కూడా ఉంది. గాల్లో చేతికి ఆనిక దొరకదు. తాకకుండా గాల్లో చేతులు ఆడించి వాయించే థెరెమిన్ 1920 ప్రాంతంలోనే వచ్చింది, దాన్ని శ్రుతిలో వాయించగలిగినవాళ్లు మాత్రం ఇప్పటికీ తక్కువే. ఫ్రాన్సులో మార్టెనో అనే ఆయన 1928లో బయటపెట్టిన ఓండ్ మార్టెనో అనే వాద్యంలో ఈ కష్టానికి దారి చూపించాడు. కుడిచేతి వేలికి ఉంగరం, ఆ ఉంగరానికి తీగ. వేలు అటూ ఇటూ జరిపితే స్వరం సాగుతుంది. ఎడమచేత్తో ఒక మీటను ఎంత లోపలికి నొక్కితే అంత బలంగా పలుకుతుంది. ఎలక్ట్రానిక్ వాద్యమైనా రెండు చేతుల పనినీ అలా విడదీశాడు.

నీ వయొలిన్‌లోనూ ఉన్నది అదే కదా. ఎడమచెయ్యి స్వరస్థానం చూసుకుంటుంది, స్వరం ఎప్పుడు మొదలవ్వాలి, ఎంత బలంగా నిలవాలి, ఎక్కడ ఆగాలి అన్నది కమాను చూసుకుంటుంది. వయొలిన్ ఐరోపా నుంచి వచ్చినా మన సంగీతంలో అంత బాగా ఇమిడిపోయిందంటే మెట్లు లేకపోవడమే పెద్ద కారణం. మీ ఊళ్లో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడే వయొలిన్ నేర్పారు, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ వాద్యం నేర్చుకుంటున్న చెయ్యి నీది. దానికి అల్ట్రాసోనిక్ సెన్సర్ ఇచ్చి కొత్తగా అలవాటు చేసుకోమనడం కంటే, దానికి వచ్చిన పనినే చేయనివ్వు. వీణ వాయించే చెయ్యి అయితే సలహా వేరేగా ఉండేది, ఎందుకంటే అక్కడ గమకం మెట్టు మీద తీగను పక్కకి లాగడంలో పుడుతుంది.

కాబట్టి ఎడమచేతికి ఒక రిబ్బన్, కుడిచేతికి ఒక ప్రెషర్ ప్యాడ్. ఇంతే కట్టు. మరో నాలుగు నాబ్‌లు, ఎల్‌ఈడీలు, చిన్న స్క్రీన్ తర్వాత పెట్టుకోవచ్చు. వాటితో మొదలుపెట్టిన ప్రాజెక్టులు సగంలో ఆగడం చాలా చూశాను.

రిబ్బన్ అంటే పొడుగ్గా పరిచిన పొటెన్షియోమీటరే, వేలు నొక్కిన చోటును బట్టి ఓల్టేజీ మారుతుంది. సాఫ్ట్‌పాట్ పేరుతో రెడీమేడ్‌గా దొరుకుతుంది, 10 కిలో ఓమ్స్ ఉంటుంది. 20 సెంటీమీటర్లది తీసుకుంటే ఒక స్థాయి (షడ్జం నుంచి తార షడ్జం దాకా) మొత్తం దాని మీద పట్టి, ఒక్కో స్వరస్థానానికి ఒకటిన్నర సెంటీమీటరుకు పైనే దక్కుతుంది. ఇంట్లో చేసుకోవాలంటే వెలోస్టాట్ అనే నల్లటి కార్బన్ ప్లాస్టిక్ షీటును వేలి వెడల్పున పొడుగ్గా కత్తిరించు. వంకర లేని చెక్క మీద పరిచి రెండు చివర్లా రాగి టేపు బిగించు. అంచుల వెంబడి సన్నటి డబుల్ సైడ్ టేపు వేసి, దాని మీద అడుగున రాగి టేపు అంటించిన పలచని ప్లాస్టిక్ పట్టీని బోర్లించు. వేలు నొక్కిన చోట మాత్రమే రాగి కార్బన్‌ను తాకాలి. ఒక చివర సప్లై, ఇంకో చివర గ్రౌండ్, పైనున్న రాగి పట్టీ నుంచి బోర్డు అనలాగ్ పిన్‌కి వైరు. రెడీమేడ్ సాఫ్ట్‌పాట్ మీద మాత్రం రెండు చివర్లనూ ఒకేసారి నొక్కకు. మధ్య భాగమంతా షార్ట్ అయి, సప్లై నేరుగా గ్రౌండ్‌కి పోయి రిబ్బన్ పాడవుతుంది.

వేలు తీసేసినప్పుడు ఆ అనలాగ్ పిన్ దేనికీ తగలకుండా గాల్లో ఉంటుంది, అంకెలు ఇష్టం వచ్చినట్టు తిరుగుతాయి. అందుకని పిన్ నుంచి గ్రౌండ్‌కి ఒక పుల్‌డౌన్ రెసిస్టర్ కావాలి. ఎక్కువమంది 10 కిలో ఓమ్స్ వేసేస్తారు. రిబ్బనే 10 కిలో ఓమ్స్ అయినప్పుడు అది మధ్యలో స్వరాన్ని బాగా కిందికి లాగేస్తుంది. 100 కిలో ఓమ్స్ వేసినా మధ్యలో స్వరస్థానంలో ఏడో వంతు దాకా తప్పు వస్తుంది, అంటే సుమారు 15 సెంట్లు (ఒక స్వరస్థానం దూరంలో నూరో వంతు ఒక సెంటు). ఆ తేడా నీ చెవికి తప్పకుండా తెలుస్తుంది. 1 మెగా ఓమ్ వెయ్యి. నాయిస్ తగ్గించడానికి కెపాసిటర్ పెడితే 1 నానోఫారడ్‌ది చాలు. 100 నానోఫారడ్‌ది పెడితే 1 మెగా ఓమ్‌తో కలిసి, వేలు తీశాక ఓల్టేజీ దిగడానికి పదో వంతు సెకను పైగా పడుతుంది, ఆ దిగుడంతా స్వరం కిందికి జారినట్టు వినిపిస్తుంది.

ఇది సరిచేసుకున్నా కొంచెం జారుడు మిగులుతుంది. వేలు ఎత్తేటప్పుడు ఒత్తిడి తగ్గుతూ, ఆఖరి ఒకటి రెండు కొలతలు సున్నా వైపు పడిపోతాయి. ఇంట్లో చేసిన రిబ్బన్ కంట్రోలర్లలో ప్రతి స్వరం చివరా ‘డుయ్’మని వినిపించేది ఇదే. మందు సులువు. చదివిన విలువను వెంటనే పంపకు, గత పది మిల్లీసెకన్ల విలువలు ఒక వరసలో దాచిపెట్టి, వాటిలో అన్నిటికంటే పాతదాన్ని పంపుతూ ఉండు. కొత్తగా వచ్చిన విలువ ‘తాకలేదు’ అనే హద్దు కంటే కిందికి పడిందంటే వేలు లేచినట్టు. ఆ వరసలో ఉన్నవి పారేసి, చివరగా పంపినదాన్నే పట్టుకుని ఉండు. పది మిల్లీసెకన్ల ఆలస్యాన్ని ఎడమచెయ్యి పట్టించుకోదు. ఈ హద్దు సరిగ్గా పనిచేయాలంటే గ్రౌండ్ వైపు ఒక సెంటీమీటరు వాయించకుండా వదిలెయ్యాలి.

కుడిచేతికి ఎఫ్‌ఎస్‌ఆర్ 402 లాంటి గుండ్రటి ప్రెషర్ సెన్సర్ సరిపోతుంది. దాన్ని సప్లైకి, ఒక రెసిస్టర్‌ని గ్రౌండ్‌కి కలిపి, రెండింటి మధ్య నుంచి రీడింగ్ తీసుకో. 10 కిలో ఓమ్స్‌తో మొదలుపెట్టు. మెల్లగా ఆనించగానే అంకె పైకి దూకి, గట్టిగా నొక్కేటప్పుడు పెద్దగా మారకపోతే ఆ రెసిస్టర్‌ని 4.7కో 3.3కో తగ్గించు, పైన చోటు దొరుకుతుంది. సెన్సర్ మీద నేరుగా వేలు పెట్టకు. రెండు మూడు మిల్లీమీటర్ల మందం మెత్తటి రబ్బరు ముక్క వెయ్యి. ఒత్తిడి సెన్సర్ అంతటా సమంగా పడుతుంది, వేలికీ ఆనిక ఉంటుంది. స్వరం మొదలవడానికి ఒక హద్దు, ఆగడానికి అంతకంటే కింద ఇంకో హద్దు పెట్టు. ఒకటే పెడితే వేలు ఆ గీత దగ్గర ఉన్నప్పుడల్లా స్వరం టకటకా తెగుతుంది.

ఇక మిడి లెక్క. నీకు మెట్లు వినిపించడానికి కారణం ఇక్కడా ఉంది. 1983లో ఈ పద్ధతి వచ్చినప్పుడు పియానో మెట్లనే మనసులో పెట్టుకున్నారు. 0 నుంచి 127 దాకా స్వరం అంకెలు, 0 నుంచి 127 దాకా బలం. చెయ్యి దూరాన్ని నేరుగా స్వరం అంకెగా మార్చావు కాబట్టి నీకు మెట్లే వస్తాయి. జారు, కంపితం అన్నీ పిచ్ బెండ్ సందేశంలో పోవాలి. దానికి 14 బిట్లు, అంటే 0 నుంచి 16383 దాకా అంకెలు, మధ్యలో 8192. ఆ అంకెను రెండు ముక్కలు చేసి చిన్న ముక్క ముందు, పెద్ద ముక్క తర్వాత పంపాలి. చిన్న ముక్కలో ఎప్పుడూ సున్నా పంపేవాళ్లు చాలామంది. అలా చేస్తే బెండ్ పరిధి అటూ ఇటూ 12 స్వరస్థానాలు పెట్టినప్పుడు ఒక్కో మెట్టు దాదాపు 19 సెంట్లు అవుతుంది. మన శ్రుతుల్లో చిన్న తేడాయే సుమారు 22 సెంట్లు, ఇక గమకం ఎక్కడ నిలుస్తుంది? రెండు ముక్కలూ పంపితే ఒక స్వరస్థానానికి 682 మెట్లు ఉంటాయి. చెవికి ఏమీ తెలియదు.

స్వరం అంకె ఎప్పుడూ ఒకటే, నీ ఆధార షడ్జం. ఒకటి శ్రుతి (కీబోర్డు మీద సి) అయితే 60. రిషభం అయినా పంచమం అయినా తార షడ్జం అయినా బెండ్‌తోనే పైకి తీసుకెళ్తావు. శ్రుతి మార్చాలంటే ఆ ఒక్క అంకె మారిస్తే చాలు. వరస మాత్రం తప్పకూడదు, బెండ్ ముందు పంపి స్వరం తర్వాత మొదలుపెట్టాలి. తిరగేస్తే ప్రతి స్వరం మొదట్లోనూ పాత చోటు నుంచి జారుడు వినిపిస్తుంది. సింథసైజర్‌లోనూ బెండ్ పరిధి 12కి మార్చడం మర్చిపోకు. మామూలుగా అది 2 మీద ఉంటుంది, పంచమం కోసం వేలు పెడితే చతుశ్రుతి రిషభం దాకా కూడా వెళ్లదు. కుడిచేతి ఒత్తిడిని మాత్రం 11వ నంబరు కంట్రోల్‌గా, అంటే ఎక్స్‌ప్రెషన్‌గా పంపు. అదే విలువను కొంచెం 74వ నంబరు కంట్రోల్‌కి కూడా కలిపితే చాలా సింథ్‌లలో ఫిల్టర్ తెరుచుకుంటుంది, గట్టిగా నొక్కినప్పుడు గొంతు విప్పినట్టు పలుకుతుంది.

రిబ్బన్ మీద దూరాలు లెక్క ప్రకారం సమానంగా ఉండాలి. చేత్తో చేసినదానికి ఉండవు. తంబూరా యాప్ పెట్టుకుని షడ్జం, గాంధారం, పంచమం, నిషాదం, తార షడ్జం ఎక్కడెక్కడ సరిగ్గా కలుస్తున్నాయో చెవితో పట్టుకుని, అక్కడ వచ్చిన అంకెలు ప్రోగ్రామ్‌లో రాసుకో. మధ్యలో ఉన్నవాటిని ప్రోగ్రామ్ సరళరేఖగా పూరించుకుంటుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణకు మైనం మీద 24 మెట్లూ అమర్చి చెవితో సరిచూసుకునేది ఇలాగే. నీ మైనం ప్రోగ్రామ్‌లో ఉంటుంది, అంతే. ఓపిగ్గా చెయ్యి, వాద్యం శ్రుతిలో ఉండేదీ లేనిదీ ఇక్కడే తేలిపోతుంది.

అంకెలు వణుకుతున్నాయని యాభై కొలతల సగటు తీసేవాళ్లను చూస్తుంటాను. వణుకుతో పాటు కంపితమూ చదునైపోతుంది. ముందు వైరింగ్ చూసుకో. అనలాగ్ వైర్లు పొట్టిగా ఉండాలి, యూఎస్‌బీ వైరుకు దూరంగా ఉండాలి, రిబ్బన్ సప్లై బోర్డు తన కొలతకు వాడుకునే ఓల్టేజీ నుంచే రావాలి. అప్పుడు సప్లై కాస్త ఊగినా రెండూ కలిసే ఊగుతాయి, లెక్క మారదు. ఆ తర్వాత నాలుగైదు కొలతల సగటు చాలు. విలువ మారినప్పుడు మాత్రమే పంపు.

టచ్ సెన్సర్ చిప్ ఎంపీఆర్121 గురించి అడగలేదు గానీ, ఎవరో ఒకరు చెప్తారు కాబట్టి ముందే అంటున్నాను. స్వరస్థానం కోసం అది వద్దు. మన తీరంలో ఉక్కపోతకి వేళ్లు తడిగా ఉంటాయి, విలువలు జరుగుతూ పోతాయి. రెండు పిన్నుల చార్జర్ పెట్టిన లాప్‌టాప్‌తో ఒకలా, చార్జర్ తీసేస్తే ఇంకోలా పనిచేస్తుంది. కరెంటు పోయిన క్షణాన వాద్యం స్వభావం మారిపోతే ఎలా వాయిస్తావు? రిబ్బన్‌కి ఆ బెడద ఉండదు. రాగి టేపు మాత్రం ఉప్పుగాలికి నల్లబడుతుంది. అంచులు గాలి చొరకుండా మూసెయ్యి.

బోర్డు సంగతి. ఊనో ఆర్3లోని ప్రధాన చిప్‌కు సొంతంగా యూఎస్‌బీ లేదు. కంప్యూటర్‌కి అది సీరియల్ పోర్టుగా కనిపిస్తుంది, మిడిగా మార్చడానికి మధ్యలో ఇంకో రెండు ప్రోగ్రాములు నడపాలి. ప్రో మైక్రో గానీ రాస్ప్‌బెర్రీ పై పికో గానీ తీసుకుంటే నేరుగా మిడి పరికరంగానే కనిపిస్తుంది. నేనైతే పికో తీసుకుంటాను, 12 బిట్ల కొలత ఉంది కాబట్టి ఒక స్థాయికి నాలుగు వేల మెట్లు దొరుకుతాయి. దాని పిన్నులకు 3.3 ఓల్టులు దాటనివ్వకు, ఊనో అలవాటులో 5 ఓల్టులు ఇస్తే చిప్ పోతుంది.

సాఫ్ట్‌వేర్‌కి సర్జ్ ఎక్స్‌టీ అనే సింథ్ ఉచితం, బెండ్ పరిధి సులువుగా మార్చుకోవచ్చు. ఒకే సాటూత్ (రంపపు పళ్ల ఆకారపు తరంగం), ఒక లోపాస్ ఫిల్టర్ (పై ధ్వనులను కోసేది), మోనో మోడ్ (ఒకసారికి ఒకే స్వరం) పెట్టుకుని సాధన చెయ్యి. రివర్బ్ మొదట్లో వద్దు, తప్పులన్నీ కప్పేస్తుంది. విండోస్‌లో ఏఎస్‌ఐఓ డ్రైవర్ (ధ్వని ఆలస్యాన్ని తగ్గించేది) పెట్టి బఫర్ (ధ్వని బయటికి పోయే ముందు ఆగే నిల్వ) 256 శాంపిళ్లకు తగ్గిస్తే 44,100 రేటు దగ్గర అది 6 మిల్లీసెకన్ల లోపే. 1024 ఉంటే 23 మిల్లీసెకన్లు. నువ్వు సెన్సర్‌ని తిట్టుకుంటున్న ఆలస్యంలో కొంత ఇదే అయ్యుంటుంది.

మావయ్య కీబోర్డు వెనక అయిదు పిన్నుల ‘మిడి ఇన్’ ఉందేమో చూడు. యూఎస్‌బీ ఒక్కటే ఉంటే నేరుగా కుదరదు. ఆ కీబోర్డూ నీ కంట్రోలరూ రెండూ కంప్యూటర్ కోసం ఎదురుచూసే పరికరాలే, మధ్యలో లాప్‌టాపో యూఎస్‌బీ హోస్ట్ పెట్టెనో ఉండాలి. అయిదు పిన్నులది ఉంటే నీ ఊనో అక్కడ పనికొస్తుంది. టీఎక్స్ (సందేశాలు బయటికి పంపే) పిన్ నుంచి 220 ఓమ్స్ ద్వారా సాకెట్ 5వ పిన్‌కి, 5 ఓల్టుల నుంచి ఇంకో 220 ఓమ్స్ ద్వారా 4వ పిన్‌కి, 2వ పిన్ గ్రౌండ్‌కి. సీరియల్ వేగం 31,250. పికోతో అయితే 3.3 ఓల్టులు కాబట్టి 4వ పిన్‌కి 33 ఓమ్స్, 5వ పిన్‌కి 10 ఓమ్స్ వాడాలి. ఆ వేగంలో మూడు బైట్ల సందేశానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. బెండ్‌ని మరీ తరచుగా పంపితే ఒత్తిడి సందేశాలకు దారి దొరకదు, ఐదు మిల్లీసెకన్లకు ఒకసారి చాలు. స్టేజీ మీద భయపడాల్సింది ఆగని స్వరం గురించి. వైరు కదిలి స్వరం ఆపే సందేశం పోతే అది అలా మోగుతూనే ఉంటుంది. పెట్టె మీద ఒక బటన్ పెట్టి, నొక్కగానే 123వ నంబరు కంట్రోల్ (అన్ని స్వరాలూ ఆపమనే సందేశం) పోయేలా, బెండ్ 8192కి వచ్చేలా రాసుకో.

మన తప్పెటగుళ్లకు పీజో డిస్కులు (దెబ్బ తగిలితే ఓల్టేజీ పుట్టించే బిళ్లలు) అంటించి సింథ్ డ్రమ్స్ మోగించాలని కూడా చివర్లో రాశావు. అది వేరే కథ. ఇప్పటికి ఇంత చాలు: పీజో మీద గట్టి దెబ్బ పడితే పదుల ఓల్టులు వస్తాయి, పక్కనే 1 మెగా ఓమ్ రెసిస్టర్, బోర్డు ఓల్టేజీకి తగ్గ జీనర్ డయోడ్ లేకుండా పిన్‌కి తగిలించకు. గుండె మీద కట్టుకుని ఎగురుతూ వాయించే వాద్యం కాబట్టి అడుగుల అదురు కూడా దెబ్బలాగే కనిపిస్తుంది, దాన్ని వేరుచెయ్యడానికే సగం పని.

ముందు రిబ్బన్ ఒక్కటే కట్టు. ఏమీ తాకనప్పుడు వచ్చే అంకె, షడ్జం దగ్గర అంకె, తార షడ్జం దగ్గర అంకె, వాడిన పుల్‌డౌన్ విలువ రాసి పంపు. వాటిని చూసి హద్దులు ఎక్కడ పెట్టాలో చెప్తాను.